రెండవ ప్రతి

సాయంకాలం ఆరు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి ఆ రోడ్డు మీద నాలుగు అడుగులు వేసినవారికి అక్కడి జీవనం ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. బ్యాంకు పరీక్షలకు, గ్రూపు పరీక్షలకు, కంప్యూటరు కొలువులకు యువతీయువకులను తయారుచేసే శిక్షణ సంస్థలు. వారికి బస కల్పించే హాస్టళ్ళు. బట్టల దుకాణాలు, నగల దుకాణాలు. వాటి పై అంతస్తులలో ఆడిటర్ల కార్యాలయాలు, దంతవైద్యుల గదులు. అక్కడినుండి తూర్పు వైపుగా మూడవ స్టేషను ఎల్.బి.నగర్. అక్కడ రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాలు, వాటిని ఆశ్రయించుకొన్న న్యాయవాదుల కార్యాలయాలు, ఆసుపత్రులు, విజయవాడ రహదారిన సరకులు పంపే రవాణా సంస్థలు. బోర్డులు వేరు, వృత్తులు వేరు. అయినా వీరందరికీ సమానమైన ఆస్తి ఒకటి ఉన్నది. అది లెక్క. ఎవరు ఎంత చెల్లించారు, ఎవరివద్ద ఎంత బాకీ, ఏ రోగికి ఏ మందు వ్రాశారు, ఏ కక్షిదారు దస్తావేజు ఏ కట్టలో ఉన్నది అన్న సమాచారం. కుర్చీలు, బల్లలు పోతే మళ్ళీ కొనవచ్చు. ఈ లెక్క పోతే కొనడానికి అంగడి లేదు.

ఒకనాడు ఈ లెక్క చిట్టా, ఆవర్జా పుస్తకాలలో ఉండేది. గుమాస్తా రాత్రి పద్దులు ముగించి ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. నేడు ఆ పుస్తకాలు కంప్యూటరులోకి వచ్చినవి. పది కంప్యూటర్లున్న కార్యాలయంలో ఏ కంప్యూటరు లెక్క దానిలోనే ఉంటే పని సాగదు గనుక, అందరికీ ఉమ్మడిగా ఒక చిన్న పెట్టెను తెచ్చి మూలన పెడుతున్నారు. చూడడానికి మన ఇళ్ళలోని పాత రేడియో సెట్టంత ఉంటుంది. ముందువైపు రెండో నాలుగో చిన్న సొరుగులు. ఒక్కొక్క సొరుగులో ఒక హార్డ్ డిస్కు. వాటిమీద మినుకుమినుకుమనే పచ్చని దీపాలు. దీనిని నెట్‌వర్క్ అటాచ్‌డ్ స్టోరేజ్ అంటారు. పొడి అక్షరాలలో నాస్ అని వ్యవహరిస్తారు. ఈ పెట్టె ఎంతవరకు మనలను కాపాడగలదు, ఎక్కడ కాపాడజాలదు అన్నదే నేటి మా ప్రసంగ విషయం.

మొదట ఈ పెట్టె చేసే పని ఏమిటో చూద్దాము. కార్యాలయంలోని ఉమ్మడి బీరువాను తలచుకోండి. దాని తాళం అందరివద్దా ఉంటుంది. కాని ఎవరి అర వారిది. నాస్ పెట్టె అటువంటి బీరువా. అది తనంత తానుగా ఒక చిన్న కంప్యూటరే. దానికి తెరగాని, మీటల పలకగాని అక్కరలేదు. కార్యాలయంలోని కంప్యూటర్లన్నిటినీ కలిపే తీగకు దీనినీ కలుపుతారు. దూరాన ఉన్న డిస్కును మన కంప్యూటరులోనిదే అన్నట్లు వాడుకొనే పద్ధతిని అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984 లో రూపొందించింది. ఒకప్పుడు పెద్ద సంస్థలకు మాత్రమే అందుబాటులో ఉన్న ఆ సౌకర్యం నేడు ఒక వీధి క్లినిక్కుకు కూడ అందుతున్నది.

దీనిని ఇంతమంది కోరుకోవడానికి కారణం సులభమైన లెక్కలో ఉన్నది. ఒక కార్యాలయం లెక్కలన్నీ కలిసి ఒక టెరాబైటు ఉన్నవనుకొందాము. సెకనుకు 50 మెగాబిట్లు పంపగల ఇంటర్నెట్టు మీదుగా ఆ మొత్తాన్ని దూరపు సర్వరుకు పంపడానికి సుమారు 44 గంటలు పడుతుంది. గదిలోని గిగాబిట్ తీగ మీదుగా పక్కనున్న పెట్టెలోకి పంపడానికి రెండున్నర, మూడు గంటలు చాలు. తిరిగి తెచ్చుకొనేటప్పుడూ అంతే వేగం. రాత్రి తాళం వేసి ఇంటికి పోయేముందు ప్రతి తీయడం మొదలుపెడితే తెల్లవారేసరికి పని ముగిసి ఉంటుంది. నెలనెలా అద్దె లేదు. పెట్టె మన కళ్ళ ఎదుట ఉన్నదన్న ధైర్యం ఒకటి.

ఆ ధైర్యమే కొన్ని సమయాలలో మనలను మోసగిస్తుంది.

పెట్టె అమ్మేవారు సాధారణంగా చెప్పే మాట ఒకటి ఉన్నది: “ఇందులో ఒక డిస్కు చెడిపోయినా మీ లెక్కకు భయం లేదు.” ఈ మాట నిజమే. 1988 లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు అనేక చవక డిస్కులను కలిపి ఒక నమ్మకమైన నిల్వగా చేయవచ్చునని ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించారు. ఆ పద్ధతికి రెయిడ్ అని పేరు. దీని మర్మం చిన్నపిల్లల కూడిక వంటిది. మొదటి డిస్కులో 5, రెండవ డిస్కులో 7 వ్రాసి ఉన్నవనుకోండి. మూడవ డిస్కులో వాటి మొత్తం 12 వ్రాసి ఉంచుతాము. రెండవ డిస్కు పాడైతే 12 లోనుండి 5 తీసివేస్తే పోయిన 7 తిరిగి వస్తుంది. యంత్రం చేసే గణితం దీనికి కొంచెం భిన్నమే గాని సూత్రం ఇదే. రెండే డిస్కులున్న పెట్టెలో ఇంతకంటే సులభమైన మార్గం ఉన్నది. ఒకదానిలో వ్రాసినదే రెండవదానిలోనూ వ్రాస్తారు.

కాని శ్రోతలు ఒక్క సంగతి గమనించవలె. ఒకదానిలో వ్రాసినది రెండవదానిలో తక్షణమే పడుతుంది; ఒకదానిలో చెరిపినదీ రెండవదానిలో తక్షణమే చెరిగిపోతుంది. గుమాస్తా పొరపాటున గత సంవత్సరపు లెక్కల సంపుటిని తొలగిస్తే, అద్దంలోని ప్రతిబింబం వలె రెండవ డిస్కు కూడ దానిని తొలగిస్తుంది. అద్దంలోని మనిషి ఆపదలో మనకు సాయం రాగలడా? అందుచేత డిస్కులు రెండైనా, నాలుగైనా, అది ఒక్క ప్రతియే. పని ఆగకుండా సాగడానికి రెయిడ్ ఉపకరిస్తుంది. పోయినదానిని తెచ్చి ఇవ్వడం దాని పని కాదు. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. ఒకేనాడు, ఒకే దుకాణంలో, ఒకే తయారీ నుండి కొన్న డిస్కులు ఇంచుమించు ఒకే కాలంలో వృద్ధాప్యానికి వస్తాయి. పెద్ద డిస్కు ఒకటి పోయినప్పుడు దాని స్థానంలో కొత్తది పెట్టి లెక్క మళ్ళీ నింపడానికి ఒక రోజో, అంతకుమించియో పట్టవచ్చు. ఆ రోజంతా మిగిలిన డిస్కులు విశ్రాంతి లేక పనిచేయవలసి ఉంటుంది. రెండవది పోయేది చాలసార్లు అప్పుడే.

ఇక మాకు పరిచయమున్న ఒక సంఘటన చెప్తాము. మా మిత్రులొకరు ఆడిటరు. సరూర్‌నగర్ చెరువుకు దిగువనున్న కాలనీలలో ఒకదానిలో వారి కార్యాలయం ఉండేది. వారిది సొంత ఇల్లు. పైన నివాసం, క్రింద సెల్లారులో కార్యాలయం. నాలుగు డిస్కుల నాస్ పెట్టె ఒకటి కొని, సెల్లారులో చల్లగా ఉంటుందని అక్కడే పెట్టించారు. దానికి విద్యుత్తు ఆగినా నడిచే యూపీఎస్ అమర్చారు. ప్రతి రాత్రి అన్ని కంప్యూటర్ల లెక్కలు దానిలోకి చేరే ఏర్పాటు చేశారు. అంత శ్రద్ధగల మనిషి.

2020 అక్టోబరు 13 వ తేదీన హైదరాబాదుమీద పడిన వాన శ్రోతలలో చాలమందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్ల వాన బేగంపేటలో నమోదయింది. సరూర్‌నగర్ చెరువు నిండి పొర్లింది. కోదండరాంనగర్ మొదలైన దిగువ కాలనీలలో కొన్నాళ్ళపాటు నీరు నిలిచి, పడవలలో మనుషులను తరలించవలసి వచ్చింది. 1908 సెప్టెంబరు 28 న మూసీ వరద చూసిన నగరమిది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ అనుభవం నుండి పుట్టినవే. అయినా చెరువు దిగువన ఇల్లు కట్టుకొన్నవారికి ఆ సంగతి వాన వచ్చిననాడు గాని స్ఫురించదు.

ఆ రాత్రి మా మిత్రుల కుటుంబం మేడమీద క్షేమంగానే ఉన్నది. సెల్లారు కప్పువరకు మునిగింది. కంప్యూటర్లు మునిగినవి, వాటి ప్రతి ఉన్న పెట్టె కూడ వాటితోనే మునిగింది. నీరు తీసిన తరువాత మేము చూడబోయాము. బురదపట్టిన ఆ పెట్టెను మెట్టుమీద పెట్టుకొని ఆయన కూర్చొని ఉన్నారు. “నాలుగు డిస్కులు పెట్టించాను గదండీ, నాలుగూ ఒకేసారి మునుగుతాయని ఎవరూ చెప్పలేదు” అన్నారు. ఎవరూ చెప్పలేదన్నది నిజమే. ఎవరినీ అడగలేదన్నది కూడ నిజమేనని ఆయనే తరువాత ఒప్పుకొన్నారు.

ఆయనను ఆదుకొన్నది ఒక చిన్న అమ్మాయి. ఆమె వారివద్ద సహాయకురాలు, ఇల్లు వనస్థలిపురం. ఆ సంవత్సరం మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇంటినుండి పనిచేయడానికై లెక్కలన్నీ అరచేతిలో పట్టే ఒక డిస్కులోకి ఎక్కించుకొని పోయింది. జూన్ చివర కార్యాలయానికి తిరిగి వచ్చేముందు మరొకసారి ప్రతి తీసి, ఆ డిస్కును ఇంట్లో బట్టల బీరువాలో పడవేసి మరచింది. ఆ డిస్కు వల్ల జూన్ నెలాఖరువరకు లెక్క దక్కింది. ఆ పైన మూడున్నర నెలల లెక్కను జీఎస్టీ పోర్టలులో దాఖలైన రిటర్నుల నుండి, బ్యాంకు స్టేట్‌మెంట్ల నుండి, కక్షిదారులు సంచులలో తెచ్చి ఇచ్చిన బిల్లుల నుండి మళ్ళీ ఎక్కించారు. ఆ పని ముగిసేసరికి సంక్రాంతి వచ్చింది.

ఇటువంటి అదృష్టం లోకంలో అంతకుముందు కూడ ఒకరికి పట్టింది. 1998 లో అమెరికాలో పిక్సార్ సంస్థవారు తీస్తున్న “టాయ్ స్టోరీ 2” అనే బొమ్మల చలనచిత్రంలో అధికభాగం ఒక పొరపాటు ఆజ్ఞతో చెరిగిపోయింది. దాచిన ప్రతిని చూడబోతే అదీ సరిగా లేదు. ఆ చిత్రానికి సాంకేతిక పర్యవేక్షకురాలైన గేలిన్ సుస్‌మన్ పసిబిడ్డ తల్లి గనుక ఇంటినుండి పనిచేస్తూ, ఇంట్లోని కంప్యూటరులో ఒక ప్రతి ఉంచుకొన్నారు. ఆ ప్రతియే చిత్రాన్ని బ్రతికించింది. అక్కడా ఇక్కడా కాపాడినది గొప్ప యంత్రం కాదు. ప్రతి మరొక ఇంట్లో ఉండడమే. అయితే ఒకరి మరపు మీదనో, ఒకరి మాతృత్వం మీదనో ఆధారపడి వ్యాపారం చేయలేము గదా! అదృష్టం చేసిన పనిని మనము ఏర్పాటుగా చేసుకోవలె.

ఆ ఏర్పాటుకు సులభమైన సూత్రం ఒకటి ప్రచారంలో ఉన్నది. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఛాయాచిత్రకారుడు దానికి ప్రచారం తెచ్చారు. మూడు, రెండు, ఒకటి అని జ్ఞాపకం పెట్టుకొంటే చాలు. లెక్కకు మొత్తం మూడు ప్రతులుండవలె. అవి రెండు తీరుల సాధనాలలో ఉండవలె. వాటిలో ఒకటి తప్పక వేరొక చోట ఉండవలె. దిల్‌సుఖ్‌నగర్ కార్యాలయానికి దీనిని అన్వయించి చూద్దాము. రోజూ పనిచేసే కంప్యూటరులో ఉన్నది మొదటి ప్రతి. గది మూలన నాస్ పెట్టెలో ఉన్నది రెండవ ప్రతి. మూడవది ఎల్.బి.నగర్‌లోని భాగస్వామి ఇంట్లో మరొక పెట్టెలోనో, వారానికొకసారి సంచిలో పెట్టుకొని పోయే డిస్కులోనో ఉండవచ్చు. మెట్రోలో మూడవ స్టేషనే గనుక శ్రమ కూడ లేదు.

మూడు స్టేషన్ల దూరం చాలునా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. సరైన ప్రశ్నే. అగ్నిప్రమాదానికి, దొంగతనానికి ఆ దూరం చాలును. కాని ఒకే మేఘం రెండు చోట్లా కురుస్తుంది. అందుచేత ఆసుపత్రి, రవాణా సంస్థ వంటివారు నగరానికి వెలుపల, విజయవాడలోనో, వరంగల్లులోనో, అద్దెకు దొరికే దూరపు సర్వరులోనో మరొక ప్రతి ఉంచుకోవడం ఉచితం. మొదటిసారి పంపడానికి రెండు రోజులు పట్టినా, ఆ తరువాత ప్రతిదినం మారిన లెక్కను మాత్రమే పంపితే చాలును. అది కొద్ది నిమిషాల పని.

పెద్దవారు కూడ ఈ విషయంలో పొరపడుతున్నారు. 2025 సెప్టెంబరు 26 న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో, ప్రభుత్వ సమాచారం నిలువచేసే జాతీయ కేంద్రంలో బ్యాటరీల వద్ద నిప్పు పుట్టింది. ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకొనే ఉమ్మడి నిల్వ ఒకటి, 858 టెరాబైట్లది, కాలిపోయింది. అంత పెద్ద నిల్వకు వేరొక చోట ప్రతి తీయడం సాధ్యం కాలేదని అధికారులు చెప్పారు. నాలుగు సొరుగుల పెట్టెకు వర్తించే ధర్మమే రాజ్యానికీ వర్తిస్తుందని ఆ నిప్పు చూపింది.

మన దేశపు చట్టం కూడ ఈ విషయంలో మౌనంగా లేదు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం కంపెనీలు లెక్కల పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలపాటు భద్రపరచవలె. ఆ లెక్కలు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే, వాటి బ్యాకప్ ప్రతిని భారతదేశంలోనే ఉన్న సర్వరులో ప్రతిదినం ఉంచవలెనని 2022 ఆగస్టులో సవరించిన నియమాలు నిర్దేశిస్తున్నవి. జీఎస్టీ చెల్లించే వర్తకులు వార్షిక రిటర్ను గడువు తేదీనుండి 72 నెలలపాటు లెక్కలు నిలుపుకోవలె. “వరదలో పోయినవండీ” అన్న సమాధానంతో అధికారి సానుభూతి దొరకవచ్చును గాని, లెక్క దొరకదు.

నీరు, నిప్పు కనిపించే శత్రువులు. కనిపించని శత్రువు ఇంకొకటి ఉన్నది. మన లెక్కలన్నిటినీ మనకే చదవరాని రహస్యలిపిలోకి మార్చి, తాళపుచెవికి డబ్బు అడిగే దొంగ ప్రోగ్రాము అది. దానిని రాన్సమ్‌వేర్ అంటారు. 2017 మే 12 న వన్నాక్రై అనే ప్రోగ్రాము ప్రపంచమంతటా ప్రబలినప్పుడు, చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలో 18 పోలీసు విభాగాల కంప్యూటర్లు దాని బారిన పడినవి. దానిని అడ్డుకొనే సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే విడుదల చేసి ఉన్నది. 2019 లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇటువంటి దాడికి గురై పనిచేయడం మానివేసినవి. దిల్‌సుఖ్‌నగర్‌కు, ఎల్.బి.నగర్‌కు విద్యుత్తు అందించే సంస్థ కూడ వాటిలో ఉన్నది. సమాచారానికి వేరే ప్రతులున్నవని ఆనాడు అధికారులు చెప్పగలిగారు. ఆ ఒక్క మాట చెప్పగలగడానికే ప్రతులు తీస్తాము.

ఈ దొంగకు నాస్ పెట్టె అంటే ప్రత్యేకమైన మక్కువ. కంప్యూటరుకు అందుబాటులో ఉన్న డిస్కులన్నిటినీ అది తాకుతుంది. ఉమ్మడి బీరువా అందరికీ అందుబాటులో ఉన్నది గదా! 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే ప్రోగ్రాము క్యూనాప్ సంస్థవారి నాస్ పెట్టెలనే వెదకి పట్టుకొన్నది. వాటిలోని దస్త్రాలను మూటలు కట్టి, పాస్‌వర్డు తాళం వేసి, విడుదలకు బిట్‌కాయినులో నూరవ వంతు అడిగింది. అది ప్రవేశించిన లోపం ఆ పెట్టెలోని బ్యాకప్ ప్రోగ్రాములోనే ఉండడం విచిత్రం. కాపలాదారు తలుపు గుండానే దొంగ వచ్చినాడన్నమాట.

దీనికి ఉపాయాలు కష్టమైనవి కావు. పెట్టెను నేరుగా ఇంటర్నెట్టుకు తెరచి పెట్టకూడదు. ఇంటినుండి చూచుకొనే ముచ్చట ఉంటే వీపీఎన్ అనే మరుగుదారి ఏర్పరచుకోవలె. తయారీదారు పంపే సవరణలను వాయిదా వేయకూడదు. పెట్టెతోపాటు వచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చవలె. బ్యాకప్ దాచే అరకు గుమాస్తాల పాస్‌వర్డు పనిచేయరాదు. కంప్యూటర్లు వచ్చి పెట్టెలో వ్రాసే పద్ధతికంటే, పెట్టెయే వెళ్ళి వాటినుండి లెక్క తెచ్చుకొనే పద్ధతి మేలు. అప్పుడు కంప్యూటరులో దూరిన దొంగకు పెట్టె తాళం దొరకదు. నేటి పెట్టెలలో స్నాప్‌షాట్ అనే సదుపాయం ఉన్నది. ఫలానా గంటకు లెక్క ఎట్లా ఉన్నదో ఒక ఛాయాచిత్రం తీసినట్లు అది నిలుపుతుంది. నేటి లెక్క పాడైతే నిన్నటి స్థితికి పోవచ్చు. ఆ ఛాయాచిత్రాలను కొన్నిరోజులపాటు ఎవరూ, యజమాని కూడ, చెరపలేని విధంగా బిగించే పెట్టెలు ఉన్నవి. వీటన్నిటికీ మించి, తీగ పీకి బీరువాలో పెట్టిన డిస్కును ఎంతటి దొంగ ప్రోగ్రామూ అంటజాలదు.

ఇంతవరకు ప్రతి తీయడం గూర్చి చెప్పాము. ఇప్పుడు చెప్పబోయేది మేము స్వయంగా నేర్చుకొన్న పాఠం. మేము పనిచేసిన ఒక కేంద్రంలో పాత టేపుచుట్టలు బూజుపట్టి పాడవుతూ ఉండగా, వాటిలోని కార్యక్రమాలను డిస్కులోకి ఎక్కించాము. జాగ్రత్తపరులము గనుక ప్రతి డిస్కుకు జంటగా మరొక డిస్కు తయారుచేశాము. పట్టికలు వ్రాశాము; చీటీలు అంటించాము; చుట్టలను పారవేశాము. కొన్ని సంవత్సరాల తరువాత ఒక వృద్ధ జంగమ కథకుని కథ వినిపించవలసిన సందర్భం వచ్చింది. అప్పటికి ఆయన కాలం చేశారు. ఆయన మనుమలు ఊరిలో పదిమందిని కూడగట్టి వినడానికి సిద్ధంగా ఉన్నారు. డిస్కు పెట్టి చూస్తే పదకొండవ నిమిషం వరకు కథ ఉన్నది. ఆ పైన నిశ్శబ్దం. జంట డిస్కు పెట్టాము. అక్కడా పదకొండవ నిమిషమే. ఎక్కించేటప్పుడు తప్పిన లోపాన్ని మేము శ్రద్ధగా రెండు ప్రతులు తీసి దాచాము. చీటీమీద మాత్రం 28 నిమిషాలని అందమైన దస్తూరితో వ్రాసి ఉన్నది. ఆ రాత్రి పదకొండు నిమిషాలే వినిపించి, మిగిలిన సమయంలో ఆయనను గూర్చి నాలుగు మాటలు చెప్పాము. మనుమలు మమ్ములను ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండునని ఈనాటికీ అనుకొంటాము.

తీసిన ప్రతిని తిరిగి తెరచి చూడనంతవరకు అది ప్రతి కాదు. ప్రతి ఉన్నదన్న నమ్మకం మాత్రమే. గిట్‌ల్యాబ్ అనే ప్రసిద్ధ కంప్యూటరు సంస్థలో 2017 జనవరి 31 న ఒక ఉద్యోగి పొరపాటున అసలైన సమాచారాన్ని చెరిపినప్పుడు, దాచే మార్గాలు అయిదు ఉండి కూడ ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికై తీసిన ప్రతి వారిని ఆదుకొన్నది. ఆ సంగతిని వారు దాచక లోకానికి వెల్లడించారు. అది మెచ్చదగిన గుణం.

కాబట్టి నెలకొక రోజు పరీక్షకు కేటాయించవలె. మొదటి శనివారమనుకొందాము. ఏదో ఒక దస్త్రాన్ని, గత సంవత్సరానిది, గత వారానిది, ప్రతి నుండి బయటికి తీసి వేరొక కంప్యూటరులో తెరచి చూడవలె. టాలీ వంటి లెక్కల ప్రోగ్రాము తెరచి ఉండగానే తీసిన ప్రతి కొన్నిసార్లు తెరచుకోదు. రాత్రి ప్రోగ్రాము మూసిన తరువాతనే ప్రతి తీయవలె. సంవత్సరానికొకసారి మొత్తం లెక్కను తిరిగి నిలబెట్టి చూచి, ఎన్ని గంటలు పట్టినదో పుస్తకంలో వ్రాసుకోవలె. ఆ పుస్తకంలోనే పాస్‌వర్డు ఎవరివద్ద ఉన్నది, వారు లేనినాడు ఎవరిని అడగవలె అన్నది కూడ ఉండవలె. పాస్‌వర్డు తెలిసిన ఒక్క మనిషి ఊరికి పోతే, అన్ని ప్రతులూ భద్రంగా ఉండి కూడ ఎవరికీ అందవు.

మన పెద్దలకు ఈ పద్ధతి కొత్త కాదు. కడపలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాయించినప్పుడు, వ్రాయించి ఊరకుండలేదు. ఒక ప్రతిని మరొక ప్రతితో సరిచూపించారు. చెదలు తిన్న ఆకుమీద లోపించిన అక్షరం మరొక ఊరి ప్రతిలో దొరికింది. మన కావ్యాలు ఎన్నో బ్రతికి ఉండడానికి కారణం అవి ఒక్క భాండాగారంలో భద్రంగా ఉండడం కాదు. పది ఊళ్ళలో పది ఇళ్ళలో ఉండడం, ఎవరో ఒకరు వాటిని అప్పుడప్పుడు విప్పి చదువుతూ ఉండడం.

మాకు కార్యాలయం లేదు, ఈ గొడవ మాకెందుకని కొందరు శ్రోతలు అనుకోవచ్చు. మీ పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజుల నకళ్ళు, గతించిన పెద్దల ఛాయాచిత్రాలు ఒక్క సెల్‌ఫోనులోనే ఉంటే, మీ ఇల్లు కూడ ఒక సంస్థయే. వాటికి రెండవ ప్రతి ఎక్కడ ఉన్నదని ఈ రాత్రి భోజనాల వేళ ఒకసారి అడగండి.

మా ఆడిటరు మిత్రులు ఇప్పుడు కార్యాలయాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో రెండవ అంతస్తుకు మార్చారు. పెట్టె అక్కడ ఉన్నది. దాని జంట ఎల్.బి.నగర్‌లో భాగస్వామి ఇంట్లో ఉన్నది. మూడవ ప్రతి నగరానికి దూరంగా అద్దె సర్వరులో ఉన్నది. వనస్థలిపురం అమ్మాయి ఇప్పుడు ఆ కార్యాలయంలో పెద్ద ఉద్యోగి. ప్రతి నెలా మొదటి శనివారం ఉదయం ఆయన ఏదో ఒక పాత కక్షిదారు పేరు చెప్తారు. ఆమె ఆ దస్త్రాన్ని ఎల్.బి.నగర్ పెట్టెనుండి తెప్పించి తెరమీద తెరుస్తుంది. ఆయన నిలుచుండి చూస్తారు. అంకెలు కనబడి, చివరి మొత్తం సరిపోయిన తరువాతనే టీ తెమ్మని చెప్తారు.